ఒక్కరి కోసం తెరిచిన ద్వారం

(ట్రస్టు ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. నేను ఉపన్యాసకుణ్ణి కాను. బి.కాం. చదివి, ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరయినవాణ్ణి. ఖాళీగా కూర్చోలేక మన ట్రస్టుకు వచ్చే దరఖాస్తులు సరిచూసే పని చేస్తున్నాను. మార్కుల జాబితా ఉందా, ఆదాయ ధ్రువపత్రం ఉందా, పాస్‌బుక్కు నకలు జతపరిచారా అని చూసి టిక్కు పెట్టడం నా పని. అందువల్ల నా మాటల్లో అలంకారాలు తక్కువ, లెక్కలు ఎక్కువ ఉంటాయి. ఓపిక పట్టండి.

ఈసారి వచ్చిన దరఖాస్తుల్లో ఒకటి ఇంకా నిర్ణయం కాకుండా ఉంది. పంపింది మన జిల్లాలోని ఒక పల్లెలో చదువుకుంటున్న అమ్మాయి. చూపు బాగా తక్కువ. మన ఫారంలో 'కోర్సు' అనే గడిలో ఇంజనీరింగు, మెడిసిన్, డిగ్రీ, డిప్లొమా, ఐ.టి.ఐ. అని అచ్చువేసి ఉన్నాయి. ఆ అమ్మాయి తరఫున ఎవరో వాటి పక్కన ఖాళీ జాగాలో 'వయొలిన్' అని రాశారు. వచ్చే నెల కార్యవర్గ సమావేశంలో ఈ దరఖాస్తు చర్చకు వస్తుంది. "సంగీతం అన్నం పెడుతుందా?" అని ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్న. దానికి నాకు తెలిసినంతలో సమాధానం చెప్పాలనే ఈ అంశం ఎంచుకున్నాను.

ముందుగా విజయనగరం సంగతి చెబుతాను. బళ్ళారివాళ్ళం కాబట్టి విజయనగరం అనగానే మనకు హంపీ, హొసపేట గుర్తుకొస్తాయి. నేను చెప్పేది ఉత్తరాంధ్రలోని విజయనగరం, పూసపాటి గజపతిరాజుల ఊరు.

వంద ఏళ్ళ కిందటి మాట. విజయరామ గజపతిరాజుగారి కొలువులో చాగంటి జోగారావుగారని ఒక ఉద్యోగి ఉండేవారు. ఆయన కొడుకు గంగబాబుకు కళ్ళు కనబడవు. ఆ కుర్రవాడికి సంగీతం నేర్పిస్తే బాగుంటుందన్న మాట మహారాజావారి దాకా వెళ్ళింది. ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. మహారాజు తలచుకుంటే ఒక పంతులుగారిని పిలిపించి, నెలకు ఇంత అని జీతం ముట్టజెప్పి, "అబ్బాయికి పాఠం చెప్పండి" అంటే సరిపోయేది. ఖర్చూ తక్కువే, పేరూ వచ్చేది. ఆయన అలా చేయలేదు. ఏకంగా సంగీత కళాశాలే పెట్టించారు. 1919 ఫిబ్రవరి 5న అది మొదలైంది. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి ప్రిన్సిపాలు. చూపులేని ఒక్క అబ్బాయి అవసరం ఒక ఊరికి, తరవాత ఒక జాతికంతటికీ బడి అయింది.

ఆ బడిలో వయొలిన్ చెప్పడానికి కుదిరిన వ్యక్తి ఎవరు? ద్వారం వేంకటస్వామి నాయుడుగారు. ఆయన 1893లో బెంగళూరులో పుట్టారు. తండ్రి సైన్యంలో పనిచేసి రిటైరయ్యాక కుటుంబం విశాఖ వైపు వచ్చింది. నాయుడుగారికి చిన్నతనంలోనే చూపు మందగించింది. బడి చదువు సాగలేదు. మామూలుగా అయితే అలాంటి పిల్లవాణ్ణి "పాపం" అని ఒక మూల కూర్చోబెడతారు. వాళ్ళ అన్నగారు మాత్రం వయొలిన్ చేతికిచ్చి నేర్పించారు. కళాశాల పెట్టారని విని నాయుడుగారు విద్యార్థిగా చేరడానికి వెళ్ళారనీ, ఆయన వాయించింది విన్నాక చేర్చుకోవలసింది విద్యార్థిగా కాదు, అధ్యాపకుడిగా అని నిర్ణయించారనీ చెబుతారు. అధ్యాపకుడిగా చేరింది 1919లోనే. 1936లో నారాయణదాసుగారి తరవాత ఆయనే ప్రిన్సిపాలు అయ్యారు. బడి చదువు పూర్తిచేయలేకపోయిన మనిషి కళాశాలకు ప్రిన్సిపాలు!

విద్యార్థులు ఇంకో సంగతి కూడా గమనించాలి. వయొలిన్ మన దేశపు వాద్యం కాదు. రమారమి 200 ఏళ్ళ కిందట ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు వంటివారు దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చుకున్నారు. తెచ్చుకున్నా దాని స్థానం పక్కనే. గాయకుడు మధ్యలో, వయొలిన్ ఒక పక్క. అందుకే దాన్ని 'పక్క వాద్యం' అన్నారు. గాయకుడు పాడిన దాన్ని అనుసరించడమే దాని పని. అలాంటి వాద్యాన్ని నడిమధ్యకు తెచ్చి, పాట లేకుండా వయొలిన్ ఒక్కటే పూర్తి కచేరీ చేయగలదని నిరూపించినవారిలో నాయుడుగారిది ముందు వరస. 1938లో వేలూరులో ఆయన చేసింది తొలి సోలో వయొలిన్ కచేరీ అని చెబుతారు. 1941లో మద్రాసు సంగీత అకాడెమీ సంగీత కళానిధి ఇచ్చింది, 1957లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ప్రపంచ ప్రసిద్ధుడైన యెహుదీ మెనుహిన్ 1952లో మన దేశానికి వచ్చినప్పుడు మద్రాసులో ఆయన వాయిద్యం విని ఎంతో మెచ్చుకున్నారు. 1964లో నాయుడుగారు కన్నుమూశారు. 1993లో శతజయంతికి తపాలా బిళ్ళ వచ్చింది.

పక్కన కూర్చోబెట్టిన వాద్యం, పక్కన కూర్చోబెట్టవలసిన పిల్లవాడు. ఇద్దరూ కలిసి సభ మధ్యకు వచ్చారు.

ఇక ఆ తలుపులోంచి ఇంకా ఎవరెవరు లోపలికి వచ్చారో చూడండి. గుడివాడ దగ్గరి చౌటపల్లిలో 1922లో పుట్టిన ఒక అబ్బాయికి చిన్నప్పుడే తండ్రి పోయారు. సంగీతం నేర్చుకోవాలని పట్టుదల. చేతిలో డబ్బు లేదు. నలభై రూపాయలు చేసే బంగారు ఉంగరాన్ని ఎనిమిది రూపాయలకు అమ్మి విజయనగరం చేరాడంటారు. బ్యాంకులో నగల అప్పులు చూసినవాణ్ణి కాబట్టి ఈ లెక్క నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఐదో వంతు ధర! అవసరంలో ఉన్నవాడి వస్తువుకు లోకం కట్టే వెల అంతే. అతను వెళ్ళేసరికి కళాశాలకు వేసవి సెలవులు. ప్రిన్సిపాలు నాయుడుగారు తెరిచేదాకా ఆవరణలో ఉండనిచ్చారు. తరవాత పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆ అబ్బాయిని చేరదీసి, పైసా తీసుకోకుండా విద్య చెప్పారు. తిండికి మాత్రం ఆ అబ్బాయి జోలె పట్టి ఇంటింటికీ తిరిగి మధుకరం చేశాడు. ఆ జోలె కట్టి ధైర్యం చెప్పింది సరిదె లక్ష్మీనరసమ్మగారనే కళాకారిణి అంటారు. ఊరి పెద్దమనుషులు చిన్నచూపు చూసే వర్గపు స్త్రీ ఆమె.

ఆ అబ్బాయి ఎవరో మీకు తెలిసే ఉంటుంది. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొన్నందుకు ఆయన్ను పట్టుకుని ఎక్కడ పెట్టారు? మన బళ్ళారిలోనే, అల్లీపురం జైల్లో. అప్పట్లో మన జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1953 అక్టోబరులో మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఘంటసాల పాట వినని తెలుగువాడు ఈ సరిహద్దుకు అటు లేడు, ఇటూ లేడు.

నెదునూరి కృష్ణమూర్తిగారూ అదే కళాశాలలో 1940లో చేరినవారే. 1991లో సంగీత కళానిధి అయ్యారు. పి. సుశీలగారు విజయనగరంలోనే పుట్టి అక్కడే డిప్లొమా చేశారు. గంగబాబు ఒక్కడి కోసం తెరిచిన తలుపు అది. నాయుడుగారి ఇంటిపేరే ద్వారం కావడం కాకతాళీయమే కావచ్చు, నాకు మాత్రం తగిన పేరనిపిస్తుంది.

ఇలాంటి ఆలోచన మనవాళ్ళకే వచ్చిందనుకోకండి. వయొలిన్‌కు పెద్దన్న లాంటి వాద్యం ఒకటుంది, సెల్లో అంటారు. కుర్చీలో కూర్చుని, రెండు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కమానుతో వాయిస్తారు. స్వరం గంభీరంగా ఉంటుంది. ఆ వాద్యంలో గత శతాబ్దంలో అందరికన్నా పేరు పొందినవారు పాబ్లో కాసల్స్. స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతంలో 1876లో పుట్టారు. తండ్రి చర్చిలో ఆర్గన్ వాయించేవారు. కాసల్స్‌కు 13 ఏళ్ళప్పుడు బార్సిలోనాలో ఒక పాత పుస్తకాల, నోట్ల దుకాణంలో జర్మన్ వాగ్గేయకారుడు బాఖ్ సెల్లో కోసం రాసిన ఆరు రచనల ప్రతి దొరికింది. వాటిని అప్పటిదాకా అందరూ చేతి సాధనకు పనికొచ్చే పాఠాలుగానే చూసేవారు. ఆయన పన్నెండేళ్ళు ఇంట్లో సాధన చేసి, ఆ తరవాతే సభలో వాయించారు. పక్కన పెట్టిన వాద్యాన్ని మధ్యకు తేవడంలో మన నాయుడుగారికీ ఆయనకూ పోలిక ఉంది.

అయితే నేను చెప్పదలచుకున్నది ఆయన వాయిద్యం గురించి కాదు. 1920లో ఆయన బార్సిలోనాలో సొంత డబ్బు పెట్టి ఒక వాద్యబృందాన్ని నెలకొల్పారు. కొన్నేళ్ళు నష్టం తానే భరించారు. కచేరీలు బ్రహ్మాండంగా జరిగేవి గాని, వినడానికి వచ్చేది డబ్బున్నవాళ్ళే. మిల్లుల్లో, దుకాణాల్లో పనిచేసేవాళ్ళకు టికెట్టు కొనే తాహతు లేదు. అందుకని కార్మికుల కచేరీ సంఘం ఒకటి పెట్టించారు. దాని నిబంధన వింటే మన ట్రస్టు ఫారం గుర్తుకొస్తుంది. నెలకు 500 పెసెటాల లోపు సంపాదించేవారికే సభ్యత్వం. చందా ఏడాదికి 6 పెసెటాలు. మామూలుగా సంగీత సభలకు ఇంత ఇచ్చుకోగలిగితేనే ప్రవేశం అని ఉంటుంది. అక్కడ ఇంతకు మించి సంపాదిస్తే ప్రవేశం లేదు! ఆదాయ పరిమితి అనేది బయటికి నెట్టడానికే కాదు, లోపలికి పిలవడానికి కూడా పనికొస్తుందని నాకు అది చదివాకే తట్టింది.

ఆ సంఘాన్ని నడిపింది కాసల్స్ కాదు, కార్మికులే. ఆదివారం కచేరీలు పెట్టుకున్నారు, సొంత పత్రిక వేసుకున్నారు, గ్రంథాలయం ఏర్పాటు చేసుకున్నారు. ఆయన దానం చేసి ఊరుకోలేదు, పగ్గాలు వాళ్ళ చేతికిచ్చారు. 1936లో అంతర్యుద్ధం వచ్చి అంతా చెదిరిపోయింది. ఆయన దేశం విడిచి వెళ్ళి, శరణార్థుల కోసం పాటుపడుతూ, 1973లో పరాయిగడ్డ మీదే కన్నుమూశారు.

"ఎక్కడో విజయనగరం, ఇంకెక్కడో బార్సిలోనా, మన దగ్గర ఏముంది?" అంటారేమో. మన దగ్గరే ఉంది. బళ్ళారి స్టేషన్లో హుబ్బళ్ళి వైపు వెళ్ళే రైలెక్కితే హొసపేట, కొప్పళ దాటాక గదగ్ వస్తుంది. అక్కడ వీరేశ్వర పుణ్యాశ్రమం ఉంది. పుట్టుచూపు లేని పంచాక్షరి గవాయిగారు (1892-1944) కర్ణాటక, హిందుస్తానీ పద్ధతులు రెండూ నేర్చి, అంధులైన పిల్లలనూ పేదపిల్లలనూ వెంటబెట్టుకుని ఊరూరా తిరుగుతూ విద్య చెప్పారు. అది చాలాకాలం సంచార పాఠశాలే. చివరికి గదగ్‌లో స్థిరపడింది. ఆయన తరవాత శిష్యుడు పుట్టరాజ గవాయిగారు 1944 నుంచి 2010లో కన్నుమూసేదాకా, అంటే 66 ఏళ్ళు, దాన్ని నడిపారు. ఆయనకూ పసితనంలోనే చూపు పోయింది. ఆశ్రమం ఖర్చుల కోసం నాటక కంపెనీ నడిపారు. కులం అడగకుండా, ఫీజు అడగకుండా భోజనం, బస, విద్య. పద్మభూషణ్ వచ్చింది 2010లో, చివరి ఏడాది. అక్కడ చదివిన పిల్లలు కర్ణాటక అంతటా సంగీతం పంతుళ్ళుగా, గాయకులుగా, తబలా వాద్యకారులుగా బతుకుతున్నారు.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకు వస్తాను. సంగీతం అన్నం పెడుతుందా? అందరికీ పెట్టదు. ఉన్నమాట చెప్పుకోవాలి. ఘంటసాలవారికే జోలె తప్పలేదు. కానీ గమనించండి. నాయుడుగారికి అన్నం పెట్టింది ఉత్త ప్రతిభ కాదు, కళాశాలలో ఒక ఉద్యోగం. గంగబాబు కోసం పెట్టిన బడే నాయుడుగారికి జీతం అయింది. గదగ్ ఆశ్రమంలో నేర్చుకున్నవాళ్ళే మళ్ళీ పాఠాలు చెప్పి బతుకుతున్నారు. అంటే ముందు ఎవరో ఒకరు బడి పెట్టాలి, నేర్చుకునేవాణ్ణి నిలబెట్టాలి. అన్నం ఆ వెనకే వస్తుంది. ఆ ఒక్కరే ఎవరో మన సభలో లేరని నేను అనుకోను.

బ్యాంకు చూసే తీరు వేరు. 4 లక్షల లోపు విద్యా రుణానికి తాకట్టు అడగకపోయినా, చదువు అయ్యాక ఉద్యోగం వస్తుందా, వాయిదాలు కడతాడా అన్న చూపు తప్పదు. అది డిపాజిటర్ల సొమ్ము, అలాగే చూడాలి. ట్రస్టు సొమ్ము అలాంటిది కాదు. బ్యాంకు వెళ్ళలేని చోటికి వెళ్ళడానికే దాతలు మనకు ఇచ్చారు. ఇంజనీరింగు విద్యార్థికి మనం ఇవ్వకపోతే ఆ పిల్లవాడు తిప్పలుపడి బ్యాంకుకు వెళతాడు. చూపు తక్కువైన పల్లెటూరి అమ్మాయి వయొలిన్ నేర్చుకోవడానికి ఏ బ్యాంకుకు వెళుతుంది?

ఇంజనీరింగు, మెడిసిన్ విద్యార్థుల వాటా తగ్గించమని నేను అనడం లేదు. మీకెవరికీ ఒక్క రూపాయి తగ్గకూడదు. నా సూచన ఇది. 2 లక్షల రూపాయలు విడిగా మూలధనంగా పెడదాం. ఆరున్నర శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 13,000 వస్తుంది. నెలకు 1,080 పైచిలుకు. గురువుగారి ఫీజుకు, వారానికి రెండుసార్లు బస్సు ఖర్చుకు అది ఆసరా అవుతుంది. చూపులేని పిల్ల ఒంటరిగా పట్నం రాలేదు. తోడువచ్చే తల్లి చార్జీ కూడా మన లెక్కలో ఉండాలి. ఆ రోజు తల్లికి కూలి పోతుంది, అదీ గుర్తుంచుకోవాలి. ఇంకొకటి, ఇది ఒక ఏడాది ఇచ్చి ఊరుకునేది కాకూడదు. వయొలిన్ మీద సరళీ స్వరాలు నిలవడానికే ఏడాది పడుతుంది. కనీసం ఐదేళ్ళు ఇవ్వాలి. మార్కుల శాతం అడగవద్దు, గురువుగారి ఉత్తరం చాలు. ఈ మూలధనానికి మా ఇంటి తరఫున 25,000 ఇస్తున్నాను. చెక్కు కార్యదర్శిగారికి పొద్దునే అందజేశాను.

డబ్బు ఒక్కటే కాదు, సమాచారం కూడా అందించాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారికి 5 శాతం సీట్లు కేటాయించాలి. శాస్త్రీయ కళలు నేర్చుకునే 10 నుంచి 14 ఏళ్ళ పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ సి.సి.ఆర్.టి. ఉపకార వేతనాల పథకం పెట్టింది. మైసూరులో గంగూబాయి హానగల్ పేరిట సంగీత విశ్వవిద్యాలయం ఉంది. ఇవన్నీ ఉన్నాయని పల్లెలో తల్లిదండ్రులకు ఎవరు చెప్పాలి? చట్టం సీటు ఇస్తుంది, సీటుదాకా చేయిపట్టి తీసుకెళ్ళేది మనిషే. ఈ బులెటిన్లో ఒక పేజీ దీనికి కేటాయించమని సంపాదకులను కోరుతున్నాను.

విద్యార్థులకు ఒక్క మాట. ఈరోజు మీరు అందుకునే చెక్కు మీద మీ పేరొక్కటే ఉంటుంది. కానీ అది మీ ఒక్కరి కోసం కాదు. గంగబాబు పేరు ఈనాడు చాలామందికి తెలియదు. కచేరీ పోస్టర్ల మీద లేదు, తపాలా బిళ్ళ మీద లేదు. అతని అవసరం లేకపోతే ఆ బడి లేదు. మీ క్లాసులో, మీ హాస్టల్లో, మీ వీధిలో అలాంటి అవసరం ఉన్నవారు ఒకరైనా ఉంటారు. వాళ్ళ ఫారం నింపడానికి పది నిమిషాలు కూర్చోండి, చదివి వినిపించండి, ఆఫీసుదాకా తోడు వెళ్ళండి. దీనికి మీ జేబులోంచి పైసా ఖర్చు కాదు.

కార్యవర్గానికి నా విన్నపం. వచ్చే నెల ఆ దరఖాస్తు మీ ముందుకు వచ్చినప్పుడు "ఏ గడిలో వేయాలి" అని వెతక్కండి. ఫారంలో ఒక గడి కొత్తగా అచ్చువేయించండి. దానికయ్యే అచ్చు ఖర్చు కూడా నేనే ఇస్తాను.